ఒక్క టెలిఫోను స్తంభం కూడా లేని పీటీఐసీ ఫిలిప్పీన్స్ టెలిఫోన్లను ఎలా శాసించింది?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. మీ అబ్బాయి ఫిలిప్పీన్స్‌లోని దవావోలో వైద్యవిద్య చదువుతున్నాడు. అతని ఫోనులోని స్మార్ట్ అనే కంపెనీ సిమ్ ఎవరిదో తెలుసుకుందామని మీరు వెతికారు. మొదట పీఎల్‌డీటీ అనే టెలిఫోను కంపెనీ, దాని వెనక పీటీఐసీ, దాని వెనక హాంకాంగ్‌లోని ఫస్ట్ పసిఫిక్ కనిపించాయి. పీటీఐసీ ఏ ఫోను సేవా అందించదు. అయినా అందులో సగం కూడా కాని వాటాను 2007లో 2,521 కోట్ల పెసోలు పోసి కొన్నారు. "ఏ వ్యాపారమూ చేయని కంపెనీకి అంత ధర ఎందుకు, దాని చరిత్ర ఏమిటి" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, పీటీఐసీ ఒక పెట్టె. ఆ పెట్టెలో ఉన్నవి దేశంలోకెల్లా పెద్ద టెలిఫోను కంపెనీ అయిన పీఎల్‌డీటీ షేర్లు. పీటీఐసీ పూర్తి పేరు ఫిలిప్పీన్ టెలికమ్యూనికేషన్స్ ఇన్వెస్ట్‌మెంట్ కార్పొరేషన్. ఫోను కంపెనీని నడిపించే ఓట్లు ఆ పెట్టెలో ఉండేవి కాబట్టి, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటే పెత్తనం వారిది. ఆ తాళం కోసమే 40 ఏళ్లు పెనుగులాట జరిగింది. అమెరికన్ల దగ్గర నుంచి స్థానిక వ్యాపార కుటుంబాలకు, అక్కడి నుంచి ఒక నియంత బినామీలకు, వాళ్ల నుంచి ప్రభుత్వానికి, చివరికి విదేశీ పెట్టుబడి సంస్థకు అది చేతులు మారింది.

నేను వృత్తిరీత్యా ఆడిటర్‌ని. మనీలాలోని మకాటీ ప్రాంతంలో తొమ్మిదేళ్లు పనిచేశాను. కంపెనీల అసలు యజమానులు ఎవరో కాగితాల్లోంచి తవ్వి తీయడమే అక్కడ నా పని. అందుకే ఈ జవాబు కాస్త పొడవుగా ఉంటుంది.

మొదలు ఎక్కడ?

పీఎల్‌డీటీ 1928 నవంబరు 28న పుట్టింది. అప్పుడు ఫిలిప్పీన్స్ అమెరికా పాలనలో ఉంది. అక్కడి శాసనసభ 3436వ నంబరు చట్టంతో దానికి ఫ్రాంచైజీ, అంటే సేవలు నడిపే అనుమతి, ఇచ్చింది. కాలక్రమంలో అది జీటీఈ అనే అమెరికా టెలిఫోను సంస్థ అధీనంలో నడిచింది.

ఇక్కడ ఒక రాజ్యాంగ నియమం తెలిస్తేనే తక్కిన కథ అర్థమవుతుంది. ప్రజోపయోగ సేవలు నడిపే కంపెనీలో కనీసం 60 శాతం ఫిలిపినో పౌరులదే అయి ఉండాలని 1935 రాజ్యాంగం చెప్పింది. అయితే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికన్లకు ఫిలిపినోలతో సమాన హక్కులు ఇస్తూ 1947లో రాజ్యాంగాన్ని సవరించారు. ఆ వెసులుబాటు 1974 జులైతో ముగిసిపోవాలి. జీటీఈ గడువు తీరేదాకా ఆగకుండా ముందే అమ్ముకోవాలని చూసింది.

కొనడానికి రామన్ కొహువాంకో నాయకత్వంలో కొందరు స్థానిక వ్యాపారులు ముందుకొచ్చారు. ఒక్కొక్కరు విడివిడిగా షేర్లు కొంటే తర్వాత ఎవరి దారి వారిదవుతుంది. అందుకని అందరి డబ్బూ ఒక కంపెనీలో వేసి, ఆ కంపెనీ పేరున షేర్లు కొన్నారు. అలా 1967 నవంబరులో పీటీఐసీ ఏర్పడింది. జీటీఈ నుంచి అది తీసుకున్నది పీఎల్‌డీటీ సాధారణ షేర్లలో, అంటే ఓటు హక్కున్న షేర్లలో, సుమారు 26 శాతం. మిగతా షేర్లు వేలమంది చేతుల్లో చెదిరి ఉన్నప్పుడు, ఒక్క చేతిలో ఉన్న నాలుగో వంతే యాజమాన్యాన్ని శాసించడానికి సరిపోతుంది. రామన్ కొహువాంకో పీఎల్‌డీటీ అధ్యక్షుడయ్యారు.

ఇంటిపేరు విషయంలో ఒక జాగ్రత్త. తర్వాత దేశాధ్యక్షురాలైన కొరజాన్ అక్వినో పుట్టిల్లు కూడా కొహువాంకోలే. అప్పటి నియంత ఫెర్డినాండ్ మార్కోస్‌కు ఆప్తుడైన ఎడ్వార్డో కొహువాంకో కూడా ఆ వంశమే. రామన్, కొరజాన్, ఎడ్వార్డో పెదనాన్న చిన్నాన్నల పిల్లలు. ఇంటిపేరు చూసి ముగ్గురినీ ఒకే జట్టుగా లెక్కవేస్తే 1986 తర్వాతి కథంతా తప్పుగా చదువుతారు.

ఫోను కావాలంటే షేరు కొనాలి

నన్ను అన్నిటికన్నా కదిలించే భాగం ఇది. పెద్దల వాటాల గోలలో దీన్ని ఎవరూ పట్టించుకోరు.

1973 జూన్‌లో, సైనిక పాలన సాగుతుండగా, మార్కోస్ 217వ నంబరు అధ్యక్ష ఉత్తర్వు ఇచ్చారు. దాని ప్రకారం ఫోను కనెక్షన్ కోరుకునేవారు కంపెనీ విస్తరణకు పెట్టుబడి కూడా పెట్టాలి. ఆ డబ్బుకు బదులుగా వాళ్లకు ప్రిఫరెన్స్ షేర్లు ఇస్తారు. షేరు ముఖ విలువ 10 పెసోలు, ఏటా వచ్చే డివిడెండ్ ఒక పెసో, ఓటు హక్కు లేదు. మన దగ్గర పాతకాలంలో ఓవైటీ పథకం కింద డిపాజిట్ కట్టి ఫోను త్వరగా తెచ్చుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే ఈ సంగతి వాళ్లకు ఇట్టే తెలుస్తుంది. తేడా ఏమిటంటే, మన దగ్గర అది డిపాజిట్టే. అక్కడ ఫోను పెట్టించుకున్న గృహిణి, బడిపంతులు, చిల్లర దుకాణదారు కంపెనీకి వాటాదారులయ్యారు.

మనీలాలో నేను అద్దెకున్న ఇంటావిడను వీధి వీధంతా టీటా అని పిలిచేది, మనం పిన్నిగారు అన్నట్టు. నా ఉద్యోగం ఏమిటో తెలిశాక ఒకరోజు ఆవిడ బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి ముందు పెట్టారు. అందులో కరెంటు బిల్లులు, భర్త మరణ ధ్రువపత్రం, వాటి అడుగున నాలుగు మడతలు పెట్టిన షేరు పత్రం ఉన్నాయి. మడత పెట్టిన చోట కాగితం చిరిగితే పారదర్శకమైన టేపు అంటించారు, ఆ టేపు పసుపు రంగుకు తిరిగింది. "ఫోను కోసం కట్టిన డబ్బు ఇది. దీనికి విలువేమైనా ఉందా బాబూ?" అని అడిగారు. ఆ కాగితంలో ఆవిడకు దక్కే డబ్బు చాలా స్వల్పం. కానీ అలాంటి లక్షల కాగితాలు ఒకచోట చేరితే ఇంకెవరికో ఎంత ఉపయోగపడ్డాయో ఆవిడకు తెలియదు. ఆ సంగతి కిందికి వెళ్లాక చెప్తాను.

బినామీ చేతిలో తాళం

1977లో ప్రైమ్ హోల్డింగ్స్ అనే మరో కంపెనీ పుట్టింది. రామన్ కొహువాంకో, లూయిస్ టిర్సో రివిల్లా అనే పీటీఐసీ వాటాదారులు మూడు బదిలీ పత్రాల ద్వారా 1,11,415 పీటీఐసీ షేర్లను దానికి రాసిచ్చారు. పీటీఐసీ మొత్తం షేర్లలో అవి 46.125 శాతం. అంటే పెట్టెలో ఇప్పుడు ఇంకో పెట్టె. పైనుంచి చూసేవారికి పీఎల్‌డీటీ కనిపిస్తుంది, ఒక పొర తీస్తే పీటీఐసీ, ఇంకో పొర తీస్తే ప్రైమ్ హోల్డింగ్స్. దాని వెనక ఎవరున్నారో ఏ కాగితమూ చెప్పదు.

1986 ఫిబ్రవరిలో ప్రజా ఉద్యమంతో మార్కోస్ పారిపోయారు. కొత్త ప్రభుత్వం ఆయన కుటుంబం దాచిన ఆస్తులను వెలికి తీయడానికి పీసీజీజీ అనే సంఘాన్ని వేసింది. ఆ సంఘం ప్రైమ్ హోల్డింగ్స్ పేరున ఉన్న ఆ షేర్లను అదే ఏడాది జప్తు చేసింది. మార్కోస్ తరఫున ఆస్తులు తమ పేర పెట్టుకున్నామని ఒప్పుకున్న హోసే యావో కాంపోస్ వంటివారి వాంగ్మూలాలు కేసుకు ఆధారమయ్యాయి.

జప్తు చేయడం ఒక ఎత్తు, అవి ఎవరివో తేల్చడం మరో ఎత్తు. 2006 జనవరి 20న, అంటే జప్తు జరిగిన 20 ఏళ్ల తర్వాత, ఆ 1,11,415 షేర్ల అసలు యజమాని మార్కోసేనని, అవి ప్రభుత్వానికి చెందాలని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. "బినామీ అని అందరికీ తెలిసినా అంతకాలం ఎందుకు పట్టింది" అని కొందరు అడుగుతారు. నా అనుభవంలో సంతకం ఒకరిది, సొమ్ము ఇంకొకరిది అని అనుమానించడానికి ఒక పూట చాలు. న్యాయస్థానం ఒప్పుకునేలా నిరూపించాలంటే సంతకం పెట్టినవాడే నోరు విప్పాలి.

ఈలోగా టెలిఫోన్లు ఏమయ్యాయి?

ఇది త్వరగా చెప్పేస్తాను. 1981లో ప్రభుత్వ విధానం ప్రకారం పీఎల్‌డీటీ తన పోటీదారు రిపబ్లిక్ టెలిఫోన్ కంపెనీని కలుపుకొంది, దాదాపు గుత్తాధిపత్యం స్థిరపడింది. రామన్ 1984లో మరణించారు. తర్వాతి కాలంలో ఆయన కుమారుడు ఆంటోనియో పగ్గాలు పట్టారు. దేశంలో అత్యధికులు ఫోను కోసం, ఫోను ఉన్న కొద్దిమంది డయల్ టోన్ కోసం ఎదురుచూస్తున్నారని సింగపూర్ నేత లీ క్వాన్ యూ అన్నట్టు చెప్పుకునే మాట ఆ రోజులదే. 1993లో అధ్యక్షుడు ఫిడెల్ రామోస్ రెండు ఉత్తర్వులిచ్చారు. ఒకటి, కంపెనీలన్నీ తమ నెట్‌వర్క్‌లను పరస్పరం కలపాలన్నది. రెండోది, మొబైలు, అంతర్జాతీయ కాల్స్ అనుమతులు పొందినవారు నిర్ణీత ప్రాంతాల్లో ల్యాండ్‌లైన్లు కూడా వేయాలన్నది. గ్లోబ్, స్మార్ట్, డిజిటెల్ వంటి పోటీదారులు బలపడింది ఆ తర్వాతే.

ఫస్ట్ పసిఫిక్ రాక

ఫస్ట్ పసిఫిక్‌ను ఫిలిపినో బ్యాంకరు మాన్యువల్ పంగిలినాన్ 1981లో హాంకాంగ్‌లో నెలకొల్పారు. వెనక ఉన్న పెట్టుబడి ఇండోనేషియాకు చెందిన సలీం కుటుంబానిది. కంపెనీ నమోదు మాత్రం బెర్ముడాలో. 1997–98 ఆసియా ఆర్థిక సంక్షోభంలో చాలామంది చేతిలో డబ్బు లేక గిలగిలలాడుతుంటే, ఫస్ట్ పసిఫిక్ హాగెమేయర్ అనే డచ్చి వాణిజ్య సంస్థలో తన వాటాను అప్పటికే అమ్మేసి నగదుతో సిద్ధంగా ఉంది. 1998 నవంబరులో సుమారు 74.9 కోట్ల డాలర్లతో పీఎల్‌డీటీలో 17.2 శాతం సంపాదించింది. పీటీఐసీలో ప్రభుత్వ వివాదంలో లేని మిగతా 54 శాతం దాని చేతికొచ్చింది ఈ క్రమంలోనే. పంగిలినాన్ పీఎల్‌డీటీ సారథి అయ్యారు. 2000లో పీఎల్‌డీటీ స్మార్ట్‌ను సొంతం చేసుకుంది. మీ అబ్బాయి సిమ్ కథ ఇక్కడ కలుస్తుంది.

2007 ధర లెక్క

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. 2006 తీర్పుతో వచ్చిన 46.125 శాతం వాటాను ప్రభుత్వం అదే ఏడాది డిసెంబరులో వేలం వేసింది. సింగపూర్‌కు చెందిన పారలాక్స్ అనే పెట్టుబడి నిధి నెగ్గింది. కానీ పీటీఐసీలో వాటాదారుగా ఫస్ట్ పసిఫిక్‌కు ముందుగా కొనే హక్కు ఉంది. అంతే ధర ఇస్తామని ముందుకొచ్చి, చివరికి 2007 ఫిబ్రవరి 28న లావాదేవీ పూర్తి చేసింది. ధర 2,521 కోట్ల 75 లక్షల పెసోలు, అప్పటి మారకంలో సుమారు 51 కోట్ల డాలర్లు.

ఈ అంకెను 1,11,415 షేర్లతో భాగిస్తే ఒక్కో పీటీఐసీ షేరుకు 2,26,000 పెసోలకు పైగా పడుతుంది. ఏ వ్యాపారమూ లేని కంపెనీ షేరుకు ఇంత ధరా అని మీకు అనిపించింది ఇక్కడే. కానీ పెట్టె తెరిచి చూడండి. పీటీఐసీ దగ్గర ఉన్న పీఎల్‌డీటీ సాధారణ షేర్లు 2,60,34,263. అందులో 46.125 శాతం అంటే సుమారు 1,20,08,300. ఇప్పుడు 2,521 కోట్ల 75 లక్షలను ఈ సంఖ్యతో భాగించండి. ఒక్కో పీఎల్‌డీటీ షేరుకు దాదాపు సరిగ్గా 2,100 పెసోలు వస్తుంది. చెల్లించిన ధర పీటీఐసీకి కాదు, దాని కడుపులో ఉన్న పీఎల్‌డీటీ షేర్లకు. ఇలా వేరే కంపెనీల షేర్లు పెట్టుకోవడమే పనిగా ఉన్న ఏ హోల్డింగ్ కంపెనీ ధర విన్నా ముందు ఈ భాగహారం చేయండి. సగం మాయ అక్కడే విడిపోతుంది.

అదే 2007 ఫిబ్రవరిలో మన దేశంలోనూ ఇలాంటిదే జరిగింది. హచిసన్ భారత వ్యాపారాన్ని వొడాఫోన్ కొన్నప్పుడు చేతులు మారింది కేమన్ దీవుల్లోని ఒక హోల్డింగ్ కంపెనీ షేరే. దాని మీద పన్ను కేసు 2012 దాకా మన సుప్రీంకోర్టులో నడిచింది.

ఆ బిస్కెట్ల డబ్బా కాగితం మళ్లీ

ఈ కొనుగోలుతో పీఎల్‌డీటీ సాధారణ షేర్లలో ఫస్ట్ పసిఫిక్ వాటా 30.7 నుంచి సుమారు 37 శాతానికి పెరిగింది. విల్సన్ గాంబోవా అనే పీఎల్‌డీటీ వాటాదారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. రాజ్యాంగం ప్రకారం విదేశీయులకు 40 శాతమే హద్దు, అది దాటిపోయిందన్నది ఆయన వాదన.

దాటలేదనేవారి లెక్క ఏమిటి? సాధారణ షేర్లు, ప్రిఫరెన్స్ షేర్లు అన్నీ కలిపితే ఫిలిపినోలదే ఎక్కువ వాటా అని. ఆ ప్రిఫరెన్స్ షేర్లు ఎవరివి? ఫోను కోసం డబ్బు కట్టిన మా టీటా లాంటివారివి! ఓటు లేని ప్రిఫరెన్స్ షేర్లలో 99 శాతానికి పైగా ఫిలిపినోలవే. ఓటు ఉన్న సాధారణ షేర్లలో మాత్రం 64.27 శాతం విదేశీయులది. తీర్పులోనే ఇంకో పోలిక ఉంది: సాధారణ షేరుకు 70 పెసోల డివిడెండ్ వచ్చినచోట ప్రిఫరెన్స్ షేరుకు వచ్చేది ఒక పెసో. ఓటు లేని, పెసో మాత్రమే తెచ్చే సామాన్యుల కాగితాలు అన్నేళ్లు విదేశీ పెత్తనానికి గొడుగు పట్టాయి. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. వాళ్లు పెట్టుబడిదారులు కావాలనుకోలేదు, ఇంట్లో ఫోను మోగాలనుకున్నారు.

2011 జూన్ 28న సుప్రీంకోర్టు, న్యాయమూర్తి ఆంటోనియో కార్పియో రాసిన తీర్పులో, రాజ్యాంగంలో "మూలధనం" అంటే డైరెక్టర్లను ఎన్నుకునే ఓటు హక్కున్న షేర్లేనని తేల్చింది. నా తొలి ఉద్యోగ దినాల్లో ఒక పెద్దాయన నాకు నేర్పింది ఇదే. ఒక కంపెనీలో స్థానిక వాటా 70 శాతమని నేను కూడిక వేసి చూపిస్తే, ఆయన పెన్సిలు పక్కన పెట్టి, "వీళ్లలో వార్షిక సమావేశంలో చెయ్యెత్తగలిగేవారు ఎంతమంది?" అని అడిగారు. మళ్లీ లెక్కిస్తే సగం కూడా లేరు.

తీర్పు తర్వాత పీఎల్‌డీటీ రెండు పనులు చేసింది. ఫోను చందాదారుల పాత ప్రిఫరెన్స్ షేర్లను 2012 జనవరిలో ముఖ విలువకు, రావలసిన డివిడెండ్ కలిపి, వెనక్కి తీసుకుంది. అదే ఏడాది అక్టోబరులో ఓటు హక్కున్న కొత్త ప్రిఫరెన్స్ షేర్లు 15 కోట్లు సృష్టించి, బీటీఎఫ్ హోల్డింగ్స్ అనే ఫిలిపినో సంస్థకు షేరు ఒక పెసో చొప్పున ఇచ్చింది. ఆ సంస్థ పీఎల్‌డీటీ ఉద్యోగుల పింఛను నిధికి చెందినది.

ఇక్కడ కాస్త ఆగండి. ఇప్పుడు సాధారణ షేర్లు 21.6 కోట్లు. వీటికి ఆ 15 కోట్లు కలిపితే ఓట్లు 36.6 కోట్లు. అంటే 15 కోట్ల పెసోలకు 41 శాతం ఓట్లు వచ్చాయి. 2007లో 2,521 కోట్ల పెసోలకు వచ్చింది సాధారణ షేర్లలో ఆరు శాతం పైచిలుకే. ఒకచోట లాభాల్లో భాగం కొన్నారు, ఇంకోచోట చెయ్యెత్తే హక్కు మాత్రమే కొన్నారు. రెండూ వేర్వేరు సరుకులని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నా వృత్తిలో నాకు ఎదురుకాలేదు. ఓటింగ్ షేర్లలోనూ మొత్తం షేర్లలోనూ 60 శాతం స్థానికులదైతే చాలన్న నియంత్రణ సంస్థ నిబంధనను సుప్రీంకోర్టు 2016లో సమర్థించింది. కార్పియో ఆ తీర్పుతో విభేదించారు. నా అభిప్రాయం కూడా ఆయన వైపే. ఓటూ లాభమూ ఒకే చేతిలో లేనప్పుడు "యాజమాన్యం" అన్న మాటకు అర్థం సగమే మిగులుతుంది. అయితే నా తోటి ఆడిటర్లలో అవతలి వాదాన్ని సమర్థించేవారూ ఉన్నారు. ఇంత పెట్టుబడి స్థానికంగా దొరకదన్న వారి మాటలోనూ నిజముంది.

2022 మార్చిలో వచ్చిన 11659వ నంబరు చట్టం టెలికం రంగాన్ని "ప్రజోపయోగ సేవ" నిర్వచనం నుంచి తప్పించింది. ఆ రంగంలో ఇప్పుడు 60 శాతం నియమం లేదు.

మీ చివరి ఉపప్రశ్న: పీటీఐసీ ఇప్పుడు ఉందా?

ఉంది. పీఎల్‌డీటీ వార్షిక నివేదికల్లో పెద్ద వాటాదారుల పట్టిక తెరవండి. మకాటీ అవెన్యూలో రామన్ కొహువాంకో పేరే పెట్టుకున్న ప్రధాన కార్యాలయం నుంచి వెలువడే నివేదిక అది. ఫస్ట్ పసిఫిక్ బృందం వరుసలో పీటీఐసీ పేరు కనిపిస్తుంది, ఎదురుగా అదే 2,60,34,263 షేర్లు. 2011లో డిజిటెల్‌ను కొనడానికి కొత్త షేర్లు జారీ చేయడంతో అది ఇప్పుడు సాధారణ షేర్లలో 12.05 శాతం. మీ అబ్బాయి సిమ్ స్మార్ట్‌ది, స్మార్ట్ పీఎల్‌డీటీది. పీఎల్‌డీటీలో ఫస్ట్ పసిఫిక్‌తో పాటు జపాన్‌కు చెందిన ఎన్‌టీటీ బృందం, డిజిటెల్ పాత యజమాని జేజీ సమిట్ కూడా పెద్ద వాటాదారులు. పట్టికలో శాతాల పక్కనే షేరు రకం రాసి ఉంటుంది. ముందు ఆ గడి చదివి, తర్వాత శాతం చూడండి.